పట్టీ కింద అంకె

పంతొమ్మిదేళ్లుగా నేను ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో రిపోర్టులు టైపు చేస్తున్నాను. ఎవరి పొట్టలో ఏముందో నేను చూడను. తెర మీద కదిలే బూడిదరంగు మేఘాలు నాకు అర్థం కావు, అర్థం చేసుకోవాలన్న సరదా కూడా లేదు. వాళ్లు చెప్పిన అంకె కొడతాను. తప్పు అంకె చెబితే తప్పు అంకె కొడతాను. ఇన్నేళ్లూ అలా హాయిగా గడిచిపోయింది. ఆ హాయిని చెడగొట్టింది స్కేలక్క.

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. అయినా నేనూ అక్కా అనే అంటాను, ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది. ఈ చుట్టరికం ఎలా కుదిరిందని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మొదట్లో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో పనికి చేరింది. ఇద్దరు ఆడపిల్లల తల్లయ్యాక, ముప్పైకి చేరువలో, పుస్తకాలు ముందేసుకుని స్కానింగ్ కోర్సు చదివి పాసయింది. అప్పుడు చాలామంది నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి.

స్కేలక్క అన్న పేరు ఊరికే రాలేదు. వాళ్లింట్లో తలుపు చట్రం మీద పిల్లల ఎత్తు గీసిన గీతలున్నాయి. అందరిళ్లలోనూ ఉంటాయి, కానీ ఈవిడ గీయించే పద్ధతి వేరు. మడమలు చట్రానికి ఆనాలి, గడ్డం ఎత్తకూడదు, తల మీద అట్ట పుస్తకం బల్లపరుపుగా పెట్టాలి, అదీ పొద్దున్న లేవగానే. సాయంత్రానికి మనిషి కాస్త పొట్టవుతాడట. బస్సు మెకానిక్కయిన వాళ్లాయన ఒకసారి నా దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. "ఇంజన్‌తో వేగొచ్చు బావా, కొలతలు తెలిసిన పెళ్లాంతో వేగలేం," అన్నాడు.

అంత ఖచ్చితమైన మనిషి తప్పు చేసింది. ఖచ్చితంగా ఉండబోయే చేసింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా దగ్గరికి రెండు నెలలకోసారి ఒక దర్జీ ఆవిడ వచ్చేది. అరవైకి దగ్గర పడిన మనిషి. కారిడార్ బెంచీ మీద కూర్చుని, వంతు వచ్చేలోపు ఎవరిదో ఒకరి చొక్కాకి గుండీలు కుట్టేసేది. నర్సుల తెల్ల కోట్లు సగం ఆవిడ చేతిలోనే బాగుపడ్డాయి. నా చొక్కా జేబు కూడా. అందరూ పిన్నీ అనేవారు.

పిన్నికి ప్లీహం వాచింది. ప్లీహం ఎడమ పక్కటెముకల కింద, పొట్టకి వెనకగా దాక్కుని ఉంటుంది. మామూలుగా పిడికిలంత. అది పెరిగితే మా నాయనమ్మ తరం వాళ్లు కడుపులో బల్ల పెరిగింది అనేవారు. పిన్నికి ఎముకల లోపల రక్తం తయారయ్యే చోట జబ్బు, దాని వల్ల బల్ల. రక్తం జబ్బుల డాక్టరు ఒక మాత్ర రాసిచ్చాడు. అది పని చేస్తుంటే ప్లీహం చిక్కుతూ రావాలి. చిక్కకపోతే ఆ మాత్ర ఆపి వేరే మందుకి మారాలి, ఎంత ఆలస్యమైతే అంత నష్టం. చిక్కిందో లేదో చెప్పాల్సింది మా గది. అంటే స్కేలక్క చెయ్యి, నా టైపు.

మొదటిసారి పద్దెనిమిది పాయింట్ ఆరు సెంటీమీటర్లు. రెండోసారి పదిహేడు పాయింట్ తొమ్మిది. మూడోసారి పదిహేడు పాయింట్ ఒకటి. పన్నెండు దాటితేనే పెద్దదంటారు కాబట్టి ఇంకా చాలా పెద్దదే, కానీ దిగుతోంది. మూడో అంకె చెప్పేటప్పుడు స్కేలక్క మొహం వెలిగిపోయింది. పిన్ని ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను కూడా ఆ రోజు రిపోర్టు తప్పుల్లేకుండా కొట్టాను.

ఆ మధ్యాహ్నం మందుల కిటికీ దగ్గరికి వెళ్తుంటే పిన్ని బెంచీ మీద కూర్చుని డబ్బా మూత పెడుతోంది. నేను కుతూహలం మనిషిని కాను, కానీ తిండి పారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బాలో మూడొంతులు అన్నం అలాగే ఉంది. పక్కింటి కుక్కకి పెడతానంది. తిరిగొచ్చి స్కేలక్కతో సణిగాను. "నీ పిన్ని కుక్కని మేపడానికి వంట చేసుకుంటోంది. నాలుగు నెలల కిందట ఎంత మిగిల్చేదో ఇవాళా అంతే మిగిల్చింది," అన్నాను.

అక్క చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తాగలేదు. నేరుగా కారిడార్లోకి వెళ్లింది, నేను వెనకాలే వెళ్లాను.

"పిన్నీ, తిండి ఎలా పడుతోంది?"

"రెండు ముద్దలకే నిండిపోతుంది అమ్మాయ్. మొదటినుంచీ అంతేగా."

"మరి చెప్పలేదేం?"

"తగ్గిందని మీరే అంటున్నారుగా. మిషను చూసి చెప్పేవాళ్లకంటే నా పొట్టకేం ఎక్కువ తెలుసు? నాదే భ్రమ అనుకున్నా."

వాచిన ప్లీహం పొట్టని నొక్కుతుంది, అందుకే రెండు ముద్దలకి నిండిపోతుంది. అది నిజంగా చిక్కుతుంటే మూడో ముద్దకి చోటు దొరకాలి కదా. అక్క మళ్లీ గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. కాసేపటికి మిషన్లో దాచిన పాత బొమ్మలు తెరిచింది.

"అన్నయ్యా, ఇలా రా. నేను కొలత గుర్తులన్నీ తీసేసి కొత్తగా పెడతాను. తెర మూల అంకె పడుతుంది, అక్కడ నీ అరచెయ్యి అడ్డం పెట్టు. నేను చాలు అన్నాక తీసి చదువు."

పెట్టాను. మొదటి బొమ్మ పద్దెనిమిది పాయింట్ ఆరే వచ్చింది. రెండోది పదిహేడు పాయింట్ తొమ్మిది రావాల్సింది, పద్దెనిమిది పాయింట్ ఐదు వచ్చింది. పాత గుర్తు కొస మీద కాకుండా అర సెంటీమీటరుకి పైగా లోపలికి ఉందని అప్పుడు చూపించింది. మూడో బొమ్మని ఆవిడ కొలవనే లేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"దీన్ని కొలవడానికి లేదు. కింది కొస బొమ్మలోనే పడలేదు," అంది. "పొద్దున ఆరేడు సార్లు బొమ్మ ఆపి చూశాను అన్నయ్యా. ఏది బాగా కుదిరిందో అది ఉంచుకున్నాను. బాగా కుదరడమంటే ఏంటి? చిన్నగా కనపడడం."

నేను సర్దిచెప్పబోయాను. ఆవిడ వినలేదు. ప్రతి మనిషినీ పడుకోబెట్టే ముందు పాత రిపోర్టు తీసి, పాత అంకె చదివి, అప్పుడు కొలిచేది. మాలో అంత శ్రద్ధగా చేసేది ఈవిడొక్కతే. పాత అంకె కళ్లలో, తగ్గాలన్న కోరిక చేతిలో, రెండూ కలిసి గుర్తుని లోపలికి లాగేశాయి. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, ఈవిడకి ఈవిడ రోగులందరూ కాకి పిల్లలే.

మా విభాగంలో ఇంకెవరైనా అయితే ఆ బొమ్మలు మూసేసి టీ తాగేసేవాళ్లు. నేనైతే తప్పకుండా తాగేసేవాణ్ణి. అక్క లేచి వెళ్లి పిన్నిని వెనక్కి పిలుచుకొచ్చింది. తలుపు వేసి, నా ఎదురుగానే చెప్పింది. "పిన్నీ, నేను తప్పు కొలిచాను. నీ బల్ల తగ్గలేదేమో. మళ్లీ చూస్తాను."

పిన్ని మొహంలో రంగు మారింది. "రెండు నెలలు," అంది. "రెండు నెలలనుంచి ఇరుగుపొరుగుకి తగ్గుతోందని చెప్పుకుంటున్నా. నీ చేతులు కళ్లకద్దుకున్నాను కదే." అక్క తల వంచుకుంది, కానీ కదల్లేదు. నేను ఆ క్షణంలో అక్కడ ఉండకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ తలుపుకి అడ్డంగా పిన్నే నిలబడి ఉంది.

తర్వాత పిన్ని స్కానింగ్ బల్ల ఎక్కి కూర్చుని, కాస్త మెత్తబడ్డ గొంతుతో అంది. "నేనూ ఇలాగే చెడిపోయాను మొదట్లో. తెలిసినామె వచ్చి, సన్నబడ్డానా అని అడుగుతుంది. అవునన్నట్టు టేపు చేతిలో కాస్త బిగుస్తుంది. ఆమెకి సంబరం. కుట్టాక బట్ట పట్టదు, తిట్లు నాకు. అప్పట్నుంచి పాత కొలతల పుస్తకం మూసి పెడతా. కొత్త కొలత రాశాకే తెరుస్తా. మాట్లాడుతూ అసలు కొలవను."

అక్క ఆ మాట పట్టుకుంది. గాయాలకి వేసే తెల్ల పట్టీ ముక్క కత్తిరించి, తెర మీద అంకె పడే మూలకి అతికించింది. పిన్నిని కుడివైపు తిప్పి పడుకోబెట్టింది. ఎడమ చెయ్యి తల మీదుగా పైకి పెట్టించింది. మూడుసార్లు కొలిచింది, ప్రతిసారీ మొదటినుంచి. నేను పట్టీ ఎత్తి చదివి కాగితం మీద రాశాను. పద్దెనిమిది పాయింట్ ఏడు, పద్దెనిమిది పాయింట్ ఎనిమిది, పద్దెనిమిది పాయింట్ ఏడు. కాగితం అక్కకి అందించాను.

అదే సాయంత్రం అక్క రక్తం డాక్టరు గదికి వెళ్లింది. నన్ను సాక్షిగా లాక్కెళ్లింది. ఆయన మంచివాడు, కానీ ఆయన అడిగింది కూడా న్యాయమే.

"పొద్దున పదిహేడు పాయింట్ ఒకటి. మధ్యాహ్నం పద్దెనిమిది పాయింట్ ఏడు. అదే మనిషి, అదే చెయ్యి. నేను దేన్ని నమ్మాలమ్మా? రెండో మందు మామూలుది కాదు, రక్తకణాలు తగ్గిపోతాయి. మీ గదిలో అంకె ఇవాళొకటి, రేపొకటి అయితే నేను దాన్ని చూసి మందు ఎలా మారుస్తాను?"

"వారం ఇవ్వండి సార్. మా గది అంకె ఒక్కటేనని చూపిస్తాను."

"చూపించకపోతే?"

"అప్పుడు మా అంకెలేవీ నమ్మకండి. పాతవి కూడా."

బయటికి వచ్చాక తిట్టాను. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకుంటున్నావన్నాను. ఒక్క రిపోర్టు సరిచేస్తే పోయేది, ఇప్పుడు విభాగం మొత్తం పరువు పణంగా పెట్టావన్నాను. ఆవిడ నడుస్తూనే, "రేపు మధ్యాహ్నం నువ్వు ఖాళీయేగా అన్నయ్యా?" అంది.

ఎందుకో మర్నాడు తెలిసింది. కొలవడానికి ఒక ఒళ్లు కావాలి. అది నాదే. చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాను. చల్లటి జెల్లు పక్కటెముకల మీద పడగానే పంతొమ్మిదేళ్లలో మొదటిసారి రోగుల మీద జాలి కలిగింది. మొదట అక్క కొలిచింది. తర్వాత సాయంత్రం షిఫ్టులో స్కాన్లు చూసే మేడం. ఆఖర్న తుఫాను. తుఫాను అంటే మా రెండో టెక్నీషియన్, గంటకి పన్నెండుమందిని చూసేస్తాడు. మనిషి మంచివాడే, ఊపిరి బిగపట్టమని చెప్పి వదలమని చెప్పడం మర్చిపోతాడు.

పది పాయింట్ నాలుగు. పదకొండు పాయింట్ ఏడు. పన్నెండు పాయింట్ ఆరు. గంట తిరక్కుండా నా ప్లీహం రెండు సెంటీమీటర్లకి పైగా పెరిగిపోయింది. ఇంటికెళ్లి మా ఆవిడతో పిల్లల చదువుల సంగతి, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయన్న సంగతి మాట్లాడాను. ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది.

అక్క మాత్రం ఆ మూడు అంకెలు చూసి బెదరలేదు. ముగ్గురూ నన్ను మూడు రకాలుగా పడుకోబెట్టారని, మూడు రకాలుగా ఊపిరి పట్టించారని రాసుకుంది. ఆ రోజునుంచి భోజనం వేళ ఆవిడ గదిలోంచి బయటికి రాలేదు. ఒకటే పద్ధతి కుదిరేదాకా నన్ను దొర్లించింది. చివరికి ఆరు వాక్యాలు ఒక కాగితం మీద రాసి, నా చేత పెద్ద అక్షరాల్లో కొట్టించి గోడకి అంటించింది.

మనిషి కుడిపక్కకి తిరగాలి, ఎడమ చెయ్యి తల మీదికి. ఊపిరి నీళ్లలో మునగబోయేంత కాదు, పువ్వు వాసన చూసేంత పీల్చి ఆపాలి. రక్తనాళాలు లోపలికి వెళ్లే తొడిమ బొమ్మలో కనపడాలి. పై కొస, కింది కొస రెండూ ఒకే బొమ్మలో ఉంటేనే గుర్తులు పెట్టాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోవాలి. అంకె మీద పట్టీ ఉండాలి, పాత రిపోర్టు ఆ తర్వాతే తెరవాలి.

తుఫాను ఆ కాగితాన్ని అటూ ఇటూ వంగి చదివాడు. "అక్కా, బయట ముప్పైమంది కూర్చున్నారు. ఒక్కొక్కరికి మూడుసార్లు కొలిస్తే సాయంత్రానికి మనకి వాస్తుంది ప్లీహం," అన్నాడు.

"అందరికీ కాదు. బల్ల ఉండి, మందు వాడుతూ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకే. రోజుకి ఇద్దరో ముగ్గురో. తలా రెండు నిమిషాలు."

"నా చెయ్యి తప్పదక్కా. పదేళ్ల చెయ్యి."

"నాది పద్నాలుగేళ్ల చెయ్యి. తప్పింది," అంది అక్క. తుఫాను జెల్లు సీసా అందుకున్నాడు.

ఆ పద్ధతిలో నన్ను మళ్లీ కొలిచారు. పదకొండు, పదకొండు పాయింట్ రెండు, పది పాయింట్ తొమ్మిది. నమ్మకం చాలక అక్క మర్నాడు ఇంకోసారి కొలిపించింది. అవే అంకెలు, ఒకట్రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. అప్పటికి నా ఎడమ పక్కటెముకలు నొప్పి పుట్టాయి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. టైపు చేసే అంకె నిజమైనదన్న ధీమాతో కూర్చోవడం నాకు కొత్తగానే ఉంది, బాగానే ఉంది.

వారం తిరక్కముందే ఆ కాగితాలన్నీ డాక్టరు బల్ల మీద పెట్టింది. వాటితోపాటు పిన్ని పాత రిపోర్టులకి తన చేత్తో రాసిన సవరణ కూడా. రెండో కొలత తప్పు, మూడో కొలత చెల్లదు, తప్పు నాది అని కింద సంతకం. ఆయన రెండుసార్లు చదివాడు. "సంతకం అక్కర్లేదేమోనమ్మా, ఫైల్లో ఉండిపోతుంది," అన్నాడు.

"ఉండనివ్వండి సార్. నా అంకెలు కూడా ఉండిపోయాయిగా."

ఆయన పిన్నిని పిలిపించి మందు మార్చాడు. అక్క మీద చర్య తీసుకోలేదు, కానీ పై అధికారి నుంచి మందలింపు కాగితం వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

కొత్త మందు మొదలుపెట్టిన రెండు నెలలకి పిన్ని వచ్చింది. నీరసంగా, పాలిపోయి ఉంది. కుట్టడానికి చేతిలో ఏమీ తెచ్చుకోలేదు. అది చూసి నాకు భయమేసింది. అక్క పిన్నిని లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టి, చెయ్యి పైకి సర్ది, గట్టిగా పిలిచింది. "తుఫానూ, ఇటు రా. పిన్నిని నువ్వు చూడు."

"నువ్వున్నావుగా అక్కా."

"నాకు పిన్నంటే ఇష్టం. నువ్వు చూడు."

తుఫాను కూర్చున్నాడు. ఆ రోజు అతను తుఫానులా లేడు. గోడ మీది కాగితం చదివిన వరసలోనే చేశాడు. "పువ్వు వాసన చూడు పిన్నీ... ఆపు... ఇక వదిలెయ్," అన్నాడు. వదలమని చెప్పడం కూడా గుర్తు పెట్టుకున్నాడు. ఆ మూడుసార్లూ అక్క తెరకి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. వేళ్లు తెల్లబడేలా పట్టుకున్న ఆ చేతులు నాకే కనపడుతున్నాయి.

నేను పట్టీ ఎత్తి చదివి, ఏమీ అనకుండా రాశాను. పదిహేడు పాయింట్ మూడు. పదిహేడు పాయింట్ రెండు. పదిహేడు పాయింట్ మూడు. అప్పుడు పాత రిపోర్టు తెరిచి పక్కన పెట్టాను. పద్దెనిమిది పాయింట్ ఏడు నుంచి దిగింది. ఎంతో కాదు, సెంటీమీటరున్నర కూడా లేదు. కాగితం అక్క చేతికిచ్చాను. ఆవిడ చదివి, మళ్లీ చదివి, దాన్ని గుండెకి ఆనించుకుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

పిన్ని లేచి కూర్చుని కొంగుతో జెల్లు తుడుచుకుంటోంది. అక్క మొహం చూసింది. ఇంతకుముందు ఒకసారి ఆ మొహంలో వెలుగు చూసి మోసపోయిన మనిషి, ముందు అక్క చేతిలోని కాగితం వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఈసారి నిజంగానే తగ్గిందా అమ్మాయ్?"

"తగ్గింది పిన్నీ," అంది స్కేలక్క. "నేను కొలవలేదు."

పిన్ని తల ఊపి, బల్ల దిగి, అక్క చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకుంది. నేను నా కుర్చీలోకి వెళ్లి ఆ అంకె టైపు చేశాను.